గడ్డకట్టిన సముద్రం మీద చేపల వేట

మా సోమాజిగూడలో ఏప్రిల్ అంటే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పొద్దున తొమ్మిదింటికి కూరలకని రాజ్‌భవన్ రోడ్డు దాటాలన్నా నెత్తిన చెంగు కప్పుకోవాల్సిందే. అలాంటి ఎండల్లో, 2024లో, మేమిద్దరం ఉన్ని టోపీల కోసం షాపులన్నీ తిరిగాం. ఒక షాపబ్బాయి "అమర్‌నాథ్ యాత్రకా సార్?" అని అడిగితే మావారు తెగ మురిసిపోయారు.

వెళ్ళింది అమర్‌నాథ్ కాదు, మా చెల్లి వాళ్ళింటికి. ఫిన్లాండ్‌లో ఔలు అనే ఊరు. హెల్సింకీ నుంచి ఇంకో 600 కిలోమీటర్లు ఉత్తరానికి పోవాలి. నోకియా వాళ్ళ పని అక్కడ ఉండబట్టి మనవాళ్ళు కొందరు ఆ ఊరు చేరారు. మా మరిదిదీ ఫోన్ నెట్‌వర్కుల ఉద్యోగమే.

బయల్దేరే ముందు రాత్రి అమ్మ నా గదిలోకి వచ్చి ఎండబెట్టిన వేపపువ్వు పొట్లం చేతిలో పెట్టింది. "తొమ్మిదేళ్ళయిందే. ఇక చాల్లే, వచ్చేయమని చెప్పు. నువ్వు చెబితే వింటుంది" అంది. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. తనకై తాను ఏదీ అడగని మనిషి. సరేనమ్మా అన్నాను. పెట్టెలో ఇరవై మూడు కిలోలే, ఆ మాట బరువు మాత్రం వేరే.

ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. పచ్చి మామిడి దొరక్క పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ తరిగి వేసింది చెల్లి. వేపపువ్వు వాసన చూసి కాసేపు ఏం మాట్లాడలేదు. కిటికీ బయట మోకాలి లోతు మంచు. వసంతం అంటే ఇదేనా అంటే, ఇక్కడ దీనికి వేరే పేరుందక్కా, 'కెవాత్‌తల్వి' అంది. కెవాత్ వసంతం, తల్వి శీతకాలం. రెండూ కలిపి ఒక్క మాట! బీఏలో ఆరు ఋతువులూ వల్లె వేసిన నాకు ఈ ఏడోది భలే నచ్చింది.

ఆ రోజుల్లో అక్కడ ఓ తమాషా జరుగుతుంది. పగలు ఎండకి మంచు పైపైన కరుగుతుంది, రాత్రి చలికి మళ్ళీ బిగుస్తుంది. పొద్దున్నే వెళితే ఆ పెంకు మనిషిని మోస్తుంది. దారీ డొంకా అక్కర్లేదు, అడవిలో ఎటు పడితే అటు నడవొచ్చు. ఎవరి అడవైనా సరే, పాడుచేయకుండా నడిచే హక్కు అందరికీ ఉందట. మన దగ్గర నాలుగు గజాల ఖాళీ కనిపిస్తే ముందు ప్రహరీ లేస్తుంది కదా, నాకైతే ఎవరైనా అరుస్తారేమోనని భయం వదల్లేదు. మావారు ఉత్సాహంగా ఫొటోలు తీస్తూ పదకొండు దాకా అక్కడే ఉంచారు. తిరుగు దారిలో పెంకు మెత్తబడి, నేను తొడల దాకా కూరుకుపోయాను. "వదినగారూ, కదలకండి, కదలకండి" అంటూ మరిది పరిగెత్తుకొచ్చి తనూ కూరుకున్నాడు. ఇద్దర్నీ లాగలేక, నవ్వాపుకోలేక మా చెల్లి కూర్చుండిపోయింది.

ఆ శనివారం చేపల వేట. పక్కింట్లో డెబ్భై దాటిన ఒక ఆవిడ ఉంటుంది, ఒంటరిది. మాటలు బహు తక్కువ. వచ్చి తలుపు కొట్టి, రెండు మాటలు చెప్పి, చేతికో గాలం ఇచ్చింది. అంతే, బయల్దేరాం. సముద్రం మీదికి! అక్కడి సముద్రంలో ఉప్పు చాలా తక్కువ, అందుకే తొందరగా గడ్డకడుతుందట. హుస్సేన్‌సాగర్ బిగుసుకుపోయి, మనం ఖైరతాబాద్ నుంచి సికింద్రాబాద్‌కి దాని మీద నడిచి పోతున్నట్టు ఊహించుకోండి. అందరి మెడల్లోనూ రెండేసి మేకుల్లాంటివి వేలాడుతున్నాయి. మంచు విరిగి నీళ్ళలో పడితే వాటిని గుచ్చి పైకి పాకాలట. అది విన్నాక నాకు అడుగు ముందుకు పడితే ఒట్టు.

ఆవిడ పెద్ద మరమేకులాంటి బరమాతో గిర్రున తిప్పి కన్నం చేసింది. చిన్న స్టూళ్ళు వేసుకుని, గాలం వదిలి, అందరం గమ్మున కూర్చున్నాం. చెల్లీ ఆవిడా ఆ భాషలో ఏదో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. 'తాలో' అంటే ఇల్లు, 'తాలోస్సా' అంటే ఇంట్లో అని చెల్లి నాకు నేర్పింది. మనలాగే విభక్తి వెనక తగిలిస్తారన్నమాట. 1856లో కాల్డ్వెల్ దొర ద్రావిడ భాషల వ్యాకరణం రాస్తూ ఈ పోలికలు ఎత్తాడని కాలేజీలో చదివి పరీక్షలో రాసి మరిచిపోయాను. అది మా చెల్లి నోట, మంచు మీద వింటానని అనుకోలేదు. మా చెల్లి నవ్వింది, ఆవిడా నవ్వింది. ఇద్దరూ ఒకే ఫ్లాస్కులో కాఫీ.

సరే, ఇదే సమయమనుకుని "అమ్మ నిన్ను..." అని మొదలుపెట్టాను.

"తెలుసక్కా" అంది. గాలం మీంచి కళ్ళు తీయలేదు. "మేం ఇక్కడి పౌరసత్వానికి అప్లై చేశాం. భాష పరీక్ష కూడా పాసయ్యాను. వస్తే మన పాస్‌పోర్టు ఇచ్చేయాలి. ఫోన్లో అమ్మకి చెప్పలేకపోతున్నా. నువ్వే చెప్పాలి."

నేను తెచ్చిన మాట నా గొంతులోనే ఉండిపోయింది. కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు. అమ్మని ఆస్పత్రికి తిప్పేది నేను, రాత్రుళ్ళు లేచేది నేను, ఇప్పుడీ మాట చెప్పేదీ నేనేనా? ఆ మాటే అనేశాను. అది ఏడ్చింది. పెద్దావిడకి భాష అర్థం కాకపోయినా విషయం అర్థమైనట్టుంది, లేచి దూరంగా వెళ్ళి ఇంకో కన్నం తవ్వడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే నా గాలం ఊగింది! చారల చేప, అరచేతంత. ఆ సాయంత్రం చింతపండు పులుసు పెట్టాం. ఆవిడ రెండుసార్లు వేయించుకుంది. చెల్లీ నేనూ అంట్లు తోముకుంటూ మళ్ళీ మామూలుగా మాట్లాడుకున్నాం, పూర్తిగా కాకపోయినా.

శ్రీరామనవమికి పానకం చేశాం. మే ఒకటి పండక్కి చెల్లి నిమ్మకాయ, చక్కెర, ఈస్టు వేసి 'సిమా' పులియబెట్టింది. సీసాలో ఎండు ద్రాక్షలు పైకి తేలితే తయారైనట్టు. దాంతోపాటు పాకం పెట్టడం మరిచిపోయిన జిలేబీలాంటి పిండివంట ఒకటి తింటారు. పెద్దావిడ ఎప్పుడో చదువుకున్నప్పటి తెల్లటోపీ పెట్టుకుని వచ్చింది. ఊరంతా, ముసలీ ముతకా, ఆ టోపీలతోనే ఉన్నారు. గజగజ వణుకుతూ పార్కులో అందరం తిన్నాం. వాళ్ళకది వసంతం మరి.

ఇంటికొచ్చిన నాలుగో రోజు అమ్మ మేడ మీద వడియాలు పెడుతుంటే చెప్పాను. చెయ్యి ఆగలేదు. రెండు వరసలు అయ్యాక, "అయితే ఇక్కడికి రావాలంటే దానికి వీసా కావాలా?" అని అడిగింది.

"లేదమ్మా. మనవాళ్ళే జీవితాంతం చెల్లే కార్డొకటి ఇస్తారు."

"ఇంటికి రావడానికి కార్డు" అని గిన్నెలో పిండి గీకింది.

మర్నాడు వడియాలు ఎండాక రెండు డబ్బాల్లో వేరువేరుగా సర్దింది. పోస్టులో ఎన్ని కిలోల దాకా పంపనిస్తారో కనుక్కోమని మావారికి చెప్పింది.