ఇంటి పొగాకు

పొగాకును కొని త్రాగువారు వేఱు, కలుపుకొని త్రాగువారు వేఱు. మొదటివారికి లెక్కలేదు. రెండవవారిని మా చిక్కడపల్లిలో వెదకబోయిన మేము దప్ప మఱియొకరు దొరకుట అరిది. పైపు త్రాగుటయే తెలుగునాట అరుదు. చుట్ట మన పల్లెలది, పొడుము పండితులది, హుక్కా ఈ నగరపు దివానుఖానాలది, బీడీ కూలివారిది, సిగరెట్టు అందఱిది. పైపు మాత్రము నేటికిని ఇంగ్లీషు పాఠ్యపుస్తకమునుండి జాఱిపడిన వస్తువువలెనే కనబడును. ఆ భాషను, సంస్కృతమును బోధించి బ్రతుకు మాబోటివారికి అది పట్టుబడుటలో వింత లేదు. కాని అందులో మేము నింపునది సీమసరకు కాదు. గోదావరి లంకాకును, వినుకొండ బర్లీని, గుంటూరు వర్జీనియాను మా డాబామీద చాప పఱచుకొని, ఆదివారపు మధ్యాహ్నములలో మా చేతులతో కలిపిన మిశ్రమమది.

పని యెట్టిదో చెప్పెదము. లంకాకు గోదావరి నడుమ లంకలలోని ఒండ్రునేలలో పండును. నల్లనిది, ఘాటైనది, చుట్టలకు పేరుపొందినది. ఎండిన ఆకును ఉన్నదున్నట్లుగ ముట్టిన పొడియైపోవును. తడిబట్టలో చుట్టి రాత్రియంతయు ఉంచిన తెల్లవాఱుసరికి పదునుకు వచ్చి మేకతోలువలె మెత్తబడును. అప్పుడు నడిమి ఈనె తీసివేసి, ఆకుమీద ఆకు పేర్చి, బిగియజుట్టి, కత్తిపీటమీద దారములవలె కోయవలెను. బర్లీని నీడపట్టున గాలికి ఆఱబెట్టుదురు. అందు చక్కెర యించుమించు మిగులదు. స్వయముగా చప్పనిదే యైనను ఏ పాకము చిలకరించిన దానిని పీల్చుకొనును. మంచి విద్యార్థి లక్షణమిది. వర్జీనియా చరిత్ర వేఱు. గుంటూరు సీమకు 1920లో వచ్చిన ఈ ఆకును కఱ్ఱలకు గట్టి బ్యారనులో వ్రేలాడదీసి, ఇనుప గొట్టములగుండ వేడి పంపి, అయిదాఱు దినములు ఆఱబెట్టుదురు. మొదట ఆకు పసుపువన్నెకు తిరుగును, పిదప రెక్క ఆఱును, కట్టకడపట ఈనె ఆఱును. ఈ పద్ధతిలో చక్కెర నిలిచిపోవుటచే పొగ తీయగానుండును గాని, ఒంటిగా కాల్చిన నాలుక మండును. ఈ ఆకు పొగాకు బోర్డువారి వేలముపాటలో పోవునదే గాని మాబోటివారికి చిల్లరగా దొరకదు. కనుక చేతితో సిగరెట్టు చుట్టుకొనువారికై అమ్ము తురుమునే కొందుము. తక్కిన రెండును ఆయా సీమల బంధువులు వచ్చునపుడు మామిడికాయలతోపాటు వచ్చును.

మా పాళ్లు ఇవి: వర్జీనియా 5, బర్లీ 4, లంకాకు 1. లంకాకు 2 పాళ్లైనచో త్రాగినవాడు గోడ పట్టుకొని లేవవలసివచ్చును. బర్లీకి ముందుగా తాటిబెల్లపు నీరు పలుచగా చిలకరించి ఒక దినము ఆఱనిత్తుము. పిమ్మట మూటిని కలిపి, గాజుజాడీలో అదిమి, మూడు వారములు ముట్టము. ఈ మూడు వారములే కలుపువాని యోర్పునకు పరీక్ష. జాడీ తెఱచిననాడు ఏ ఆకు వాసన ఆ ఆకుకు వేఱుగా తోచక ఎండుద్రాక్షవంటి వాసన యొకటి పైకి రావలెను. చిటికెడు తీసి వ్రేళ్లనడుమ నొక్కి విడిచిన మెల్లగా విచ్చుకొనవలెను. ముద్దగా నిలిచిన తడి యెక్కువ, గలగలలాడిన తక్కువ. నూటికి 12 మొదలు 14 పాళ్ల నీరు ఉండవలెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు గాని ఈ కొలత వ్రేళ్లకు తెలిసినంత త్వరగా త్రాసుకు తెలియదు.

పండితమిత్రులు కొందఱు మా వ్యసనమునకు శాస్త్రగౌరవము కల్పింపజూతురు. చరకసంహిత సూత్రస్థానమున అయిదవ యధ్యాయమందు ధూమపానవిధి యున్నమాట నిజమే. ఏలకి, చందనము, గుగ్గులు, వట్టివేరు మొదలగువానిని నూఱి, రెల్లుకాడకు పూసి, బొటనవ్రేలి లావున 8 అంగుళముల వర్తి చేయవలెను; ఆఱినపిదప కాడను లాగివేసి, నేతితో తడిపి, గొట్టమున నుంచి త్రాగవలెను. ఆ గొట్టపు పొడవును సైతము మహర్షి విడిచిపెట్టలేదు. విరేచనార్థమైన ధూమమునకు 24 అంగుళములు, స్నేహార్థమునకు 32, నిత్యప్రయోగమునకు 36. పొగను నోటనే విడువవలెను, ముక్కున విడిచిన కన్నులకు చేటు. ఇంటనే దినుసులు గూర్చుకొని పొగ కలుపుకొను విద్య మనదేశమున ఇంత పాతదని మేమును సంతోషింతుము. ఐనను ఆ పట్టికలో పొగాకు లేదు, ఉండజాలదు. అది అమెరికా మొక్క, పోర్చుగీసువారి ఓడలలో మనకు చేరినది. అక్బరు దూతయైన అసద్ బేగ్ 1604 ప్రాంతమున దానిని బిజాపూరునుండి గొనిపోయి, రత్నాలు చెక్కిన గొట్టముతోకూడ చక్రవర్తికి సమర్పించెను. అనగా ఉత్తరాది దర్బారుకు పొగ నేర్పినది మన దక్కనే. అదే 1604లో ఇంగ్లండున జేమ్సు రాజు పొగాకును తూలనాడుచు ఒక గ్రంథమే వ్రాసెను. 1617లో జహంగీరు దానిని నిషేధించెను. ఇరువురు ప్రభువుల యాజ్ఞలును పొగలోనే కలసిపోయినవి. ఇక మన కన్యాశుల్కమున గిరీశము చుట్టకు అమృతబిందువుతోనే చుట్టఱికము కలిపినాడు. చరకునకంటె అతని పక్షమే జనమునకు రుచించినది.

ఇంగ్లీషు మిత్రులకు వేఱు శాస్త్రమున్నది. బ్యారీ 1890లో ప్రకటించిన ‘మై లేడీ నికోటిన్’లో ఆర్కేడియా యను మిశ్రమమునకు పట్టిన బ్రహ్మరథము వారికి కంఠస్థము. ఒకనాడు మేమును ఆ పుస్తకమును ఇంట ప్రశంసించుచుండగా మా గృహిణి వంటయింటినుండియే, “ఏమండీ, అందులో ఆయన పెళ్లికోసం పొగ మానేశాడు కదా. ఆ పేజీలు మీ ప్రతిలో లేవా?” అనెను. మా యింట సాహిత్యవిమర్శ ఈ తీరుననే జరుగును.

మేము పెరిగినది ఈ వీధులలోనే. ఇచటికి కూతవేటు దూరమున, ఆజమాబాదులో, చార్మినారు సిగరెట్లకు పేరొందిన వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ యుండెను. అది 1930లో నమోదైన సంస్థ. గాలి అటునుండి వీచు దినములలో తడి పొగాకు వాసన మా చిన్ననాటి తరగతిగదిలోనికి వచ్చెడిది. ఇటు నారాయణగూడలో, ఆడుపిల్లలకు తెలుగున చదువు చెప్పవలెనని మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు 1928లో నెలకొల్పిన బాలికల పాఠశాల. పొగాకును, విద్యను ఇంత చేరువగా పెట్టుకొని పెరిగిన పేటలు ఎన్నియో లేవు. బడికి 100 గజములలోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము. మంచి చట్టమే. కాని ఉపాధ్యాయుని వ్రేళ్లకంటిన వాసనకు గజములతో పనిలేదు. కనుక బడి యున్న దినములలో జాడీ తెఱవము.

పైపు పొగను రొమ్ములోనికి పీల్చరు గనుక హాని లేదని చెప్పువారితో మేము వాదింపము, ఏకీభవింపము. నోటి చర్మమే నికోటినును గ్రహించును. నోటి, గొంతు పుండ్లకు పైపు కారణమగునని వైద్యులు రూఢిపఱచిరి. శ్రీకాకుళము వైపు స్త్రీలు మండుకొనను నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగుదురు. పిండ్‌బోర్గ్ మొదలగు పరిశోధకులు నాటి ఉమ్మడి రాష్ట్రమున 10,000 మందికి పైగా గ్రామస్థులను పరీక్షించి, ఈ యాచారముచే అంగిటికి కలుగు మార్పులను 1971లో ప్రకటించిరి. తాటిబెల్లము చిలకరించినంతమాత్రమున ఆకు గుణము మాఱదు. మేము నెలకొక జాడీకి మించి కలుపము. ఇది సమర్థన కాదు, లెక్క.

ఇంతవఱకు పొగాకును త్రాగువాని వైపునుండియే చెప్పితిమి. దానికి వేఱొక వైపు కలదని మాకు ప్రత్యక్షముగ తెలిపినవాడు మా డాబామీది గదిలో అద్దెకున్న యువకుడు. అశోక్‌నగరు శిక్షణాలయములలో సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకొను వేలమందిలో ఒకడు; తెల్లవాఱకమునుపే నగర కేంద్ర గ్రంథాలయమునకు పోయి చోటు పట్టుకొనువాడు. ఊరు కోరుట్ల దగ్గఱి పల్లె. ఒక ఆదివారము మేము తడిబట్ట విప్పుచుండగా అతడు పుస్తకము మూసి వచ్చి చాప అంచున కూర్చుండెను. అడుగకయే ఒక ఆకును తీసి, రెండు వ్రేళ్లనడుమ జాఱవిడిచి, “ఇంకో గంట ఉంచుండ్రి సార్. ఈనె దగ్గర ఇంక పదును రాలేదు” అనెను. ఆ యెఱుక ఎక్కడిదని యడిగితిమి.

“మా అమ్మ బీడీలు చేస్తది సార్. తునికాకు నేను తడిపేటోణ్ణి.”

తరువాత అతడు చెప్పినది మాకు ఏ గ్రంథమునను దొరకలేదు. రాత్రి ఆకు తడిపి గోనెపట్టాలో చుట్టుట, తెల్లవాఱి కత్తెరతో ఒక్క కొలతకు కత్తిరించుట, చాట ఒడిలో పెట్టుకొని తంబాకు పోసి చుట్టి దారము కట్టుట, కొన మడుచుట. కూలి వేయి బీడీలకు ఇంతయని. ఆకు చినిగినను, తంబాకు చాలకపోయినను కోత. తంబాకు ధూళి ఆమె గొంతున ఉండిపోయినది; దగ్గు ఏండ్లనుండి ఉన్నది; ఆమె జన్మమున ఒక్క బీడీయైనను కాల్చలేదు. ఆ చాటమీది కూలితోనే అతడు పట్టభద్రుడైనాడు. మా అలమరలోనున్న సీమపొగాకు డబ్బా ఒకటి, ఒక శిష్యుడు విదేశమునుండి తెచ్చినది, అతడు త్రిప్పి చూచి, దాని ధర విని, పెదవులతో ఏదో లెక్కించుకొని, ఆ మొత్తమును మాకు చెప్పక క్రింద పెట్టెను. మేమును అడుగలేదు.

అతడు కలుపుట నేర్పుమనెను. విద్య యడిగినవానికి లేదనుట మా వృత్తికి పొసగదు. పొగ నేర్పుటయు పొసగదు. ఆకుల పేళ్లు, పాళ్లు, పాకము, వేచియుండు కాలము అన్నియు చెప్పితిమి. పైపు మాత్రము చేతికీయలేదు. అతడును కోరలేదు. “మా అమ్మకు ఒట్టు పెట్టిన సార్. వాసన చూస్త, గంతే” అనెను. నాటినుండి ప్రతి మిశ్రమమునకు పరీక్షకుడు అతడే. త్రాగనివాని ముక్కు ఎంత నిష్పక్షపాతమైనదో పండితసభలవారు తెలిసికొనదగును.

మొన్నటి దసరాకు అతని తల్లి కొడుకును చూడవచ్చి మా యింట భోజనము చేసెను. చేతులు కడుగుకొనుచు జాడీని చూచినది. మా గృహిణి మూత తీసి చూపగా చిటికెడు నలిపి, “పదును మంచిగుంది. గని సారూ, పిల్లలు పండుకునే అర్రల పెట్టకుండ్రి” అనెను. జాడీ ఆ సాయంకాలమే మెట్లక్రింది గూటికి పోయినది. తమ యింట తంబాకు గంప ఎక్కడ ఉండెడిదని మా గృహిణి యడిగెను. బయటి వసారాలో ననెను. మఱి మీరెక్కడ పరుండెడివారని మఱల అడుగగా ఆమె నవ్వి, “గంప కాడనే, అమ్మా. తూకం తక్కువైతే మన మీదనే పడ్తది గద” అనెను.