పిల్లల విషాదమును అయస్కాంతమును

జ్వరము వచ్చిన బిడ్డను వైద్యునియొద్దకు గొనిపోవుటకు మా ఆత్రేయపురమున నెవ్వరును సంకోచింపరు. మనస్సునకు జబ్బు చేసినచో మాత్రము వీధితలుపు మూయుదురు. మాయొద్ద చదివిన యొక బాలుడు కొన్ని వారములు నిద్రలేక కట్టలకొలది పద్యములు వ్రాసి, లోకమును జయింతునని పలికి, పిదప మాసములతరబడి మంచము దిగకుండెను. ఇంటివారు మొదటిదానిని తెలివి యనిరి. రెండవదానిని సోమరితన మనిరి. తుదకు గాలి సోకెనని తాయెత్తు కట్టించిరి. అది బైపోలారు వ్యాధి యని తెలియుటకు రెండేండ్లు పట్టినది.

ఆ తండ్రి మమ్ము నిట్లడిగెను: “మాస్టారూ, తలకి అయస్కాంతం పెట్టి నయం చేస్తారటగా, నిజమేనాండీ? కరెంటు పెడతారేమోనని వాళ్లమ్మ ఏడుస్తోందండీ.”

మారుచున్న అయస్కాంతశక్తి విద్యుత్తును బుట్టించునని 1831లో ఫారడే కనుగొనెను. ఆ సూత్రముచేతనే 1985లో షెఫీల్డునగరమున బార్కరు మొదలగువారు పుర్రె తెరవకయే మెదడును ప్రేరేపించిరి. నేడు తీగచుట్టను నుదుటికి ఎడమప్రక్క నుంచి, వారమున కైదుదినములచొప్పున, నాలుగు మొదలారు వారములు చికిత్స చేయుదురు. మత్తుమందు లేదు; రోగి మేలుకొనియే యుండును. తలనొప్పి కలుగవచ్చును, మూర్ఛ మిక్కిలి యరుదు. 1938లో రోమున నారంభమైన షాకుచికిత్స వేరు. దానినైనను మత్తు లేక చేయరాదనియు, మైనరులకు సంరక్షకుని సమ్మతియు బోర్డు అనుమతియు లేక చేయరాదనియు మన 2017 నాటి చట్టము శాసించుచున్నది.

అయినను ఆశను అమ్ముకొనువారియెడల మెలకువ వలయును. అమెరికా ఔషధనియంత్రణశాఖ ఈ చికిత్సను 2008లో పెద్దలకును, 2024లో ఇతరచికిత్సకు తోడుగా 15 మొదలు 21 ఏండ్లవారికిని అనుమతించెను. ఆ యనుమతులు ఉన్మాదదశ లేని విషాదమునకు చెందినవి. బైపోలారు బాలురకు గాదు. వారి విషయమున నిదర్శనములు స్వల్పము. క్రుంగిన మనస్సును లేపబోయి ఉన్మాదమున ద్రోయు భయమును గలదు. మా యూర పూతరేకులు తీయు స్త్రీల కీ సంగతి సులభముగా దెలియును: కుండకు కాక చాలకున్న రేకు రాదు, హెచ్చిన మాడును. కావున మనస్సును నిలకడగా నుంచు లిథియము వంటి మందు మొదట. అయస్కాంతము, వైద్యుడు తగునన్నచో, దానికి తోడు మాత్రమే.

కాని యంత్రమైనను మందైనను తలుపు మూసిన యింటిలోనికి రాజాలవు. 2022లో నారంభమైన టెలిమానస్ వారి 14416 సంఖ్యకు ఎవ్వరైనను ఉచితముగా మాటాడవచ్చును. ఉపాధ్యాయులారా! చదువు మానిన పిల్లవానిని బెత్తముతో నడుగుటకు ముందు, నిద్రపట్టుచున్నదా యని యడుగుడు.