పర్ణశాలలో ఏడు దినాలు

పర్ణశాల అనగానే తెలుగువారి మనస్సులో మెదిలేది పంచవటి. భద్రాచల సమీపాన గోదావరీ తీరంలో ఆ పేరిటనే వెలసిన గ్రామం. అదే మాటతో తెలుగు బైబిలులో 'పర్ణశాలల పండుగ'గా వ్యవహరింపబడే పర్వమొకటి యూదులకు ఉన్నది. హీబ్రూ భాషలో దాని పేరు 'సుక్కోత్'. ఎల్.టి.సి.పై కొచ్చి వెళ్లి, మట్టాంచేరిలో 1568లో నిర్మితమైన పరదేశి సినగాగును దర్శించిన పిదప, యూదుల ఆచారాలను గురించి మేము దంపతులము కొంత చదివినాము. వాటిలో ఈ పండుగ మా మనస్సులకు మిక్కిలి చేరువైనది. అందుకు కారణం లేకపోలేదు. వచ్చే సంవత్సరం పదవీ విరమణతో, 26 ఏళ్లుగా నివసిస్తున్న క్వార్టరును మేము ఖాళీ చేయవలసి ఉన్నది.

ఈజిప్టు దాస్యం నుండి విముక్తులైన తమ పూర్వులు 40 సంవత్సరాలు ఎడారిలో సంచరించిన కాలాన్ని స్మరిస్తూ, యూదులు ఏడు దినాలు తాత్కాలికమైన గుడిసెలో భుజిస్తారు. వీలైనవారు అక్కడే నిద్రిస్తారు. సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో, వారి దేశంలో పంట ఇంటికి చేరే వేళ ఈ పండుగ వస్తుంది. లేమిలో గుడిసెను ఆశ్రయించడం వింత కాదు. గాదె నిండిన వేళ ఇల్లు విడిచి గుడిసెలోకి రమ్మనడంలోనే ఉన్నది దీని విశేషం. ఇది శాశ్వతమన్న భ్రమ కలిగేది ఆ వేళనే కదా!

గుడిసె నిర్మాణానికి నియమాలు ఉన్నవి. నేలలో మొలిచి, కోసి తెచ్చిన కొమ్మలతో, ఆకులతోనే పైకప్పు వేయాలి. ఎండ కంటె నీడ అధికంగా ఉండాలి. అయినను సందులలో నక్షత్రాలు కనిపించేటట్లు కప్పడం ఆచారం. ఎత్తు 20 మూరలు మించరాదు. అంతకు మించితే తాను ఆకుల నీడలో ఉన్నాననే స్పృహ మనిషికి కలుగదని ఒక పూర్వ పండితుని వివరణ.

క్రీ.శ. 200 ప్రాంతంలో సంకలితమైన 'మిష్నా' అనే ధర్మగ్రంథం మరికొన్ని సడలింపులను చెప్పినది. వాన కురిసి గిన్నెలోని జావ చెడిపోయే స్థితి వస్తే గుడిసె విడిచి ఇంట్లోకి వెళ్లవచ్చును. రోగులకే కాక, వారికి పరిచర్య చేసేవారికి కూడ ఈ నియమం వర్తించదు. మంచాన పడిన అత్తగారికి సేవ చేస్తూ పండుగ పూజకు తీరిక దొరకలేదని కుమిలిపోయే గృహిణులు మన టౌన్‌షిప్‌లోనూ ఉన్నారు. వారికి ఈ మాట ఎంతటి ఊరట!

అస్థిరత్వాన్ని తలపించే ఈ పర్వాన్ని యూదులు తమ ప్రార్థనలలో 'మన ఆనందకాలం' అని పేర్కొనడం మమ్ములను ఆలోచింపజేసినది. ఆ ఆనందమెట్టిదో 12వ శతాబ్దపు యూద తత్త్వవేత్త మైమోనిడీస్ వివరించినాడు. పండుగనాడు తలుపులు మూసుకొని, బీదలకు పెట్టక, భార్యాబిడ్డలతో మాత్రమే భుజించేవాని ఆనందం కేవలం ఉదరానందమేనని ఆయన భావం.

1948లో ఇజ్రాయెల్ ఏర్పడిన పిదప, తరతరాలుగా కొచ్చిలో నివసించిన యూదులలో అత్యధికులు అక్కడికి తరలిపోయినారు. ఇళ్లు ఇక్కడనే మిగిలినవి. పండుగ వారి వెంట వెళ్లినది.

నేడు మన కుటుంబాలను పీడించే చింతలు అనేకం. పిల్లలకు కాంట్రాక్టు కొలువులు, సంస్థల వాటాల విక్రయ వార్తలు, బదిలీ ఉత్తర్వులు, విరమణానంతరం ఎక్కడ ఉండాలన్న ప్రశ్న. ఈ పండుగ వీటిలో దేనినీ తీర్చదు. అయితే కప్పు గట్టిదైన తరువాతనే సంతోషించాలన్న నియమం లేదని మాత్రం చెబుతుంది. మా పెరటి మామిడిచెట్టు రేపు మరొకరికి నీడనిస్తుంది. మేము వచ్చేనాటికి ఎవరో నాటిన వేపచెట్టు మాకు నీడనిచ్చినది.

క్వార్టరులో మిగిలిన నెలలలో, ప్రతి ఆదివారం కొత్తగా చేరిన ట్రైనీలను ఇద్దరు ముగ్గురిని భోజనానికి పిలవాలని మేము నిశ్చయించుకొన్నాము. ఇల్లు వదిలి తొలిసారి వచ్చిన ఆ పిల్లలకు హాస్టలు గది ఇంకా అలవాటు కాలేదు. పాఠక మిత్రులు కూడ వీలైనప్పుడు ఒక విస్తరి అదనంగా వేయగలరని ఆశిస్తున్నాము.