చెట్టు కింది వోటరు

పిల్లలూ! ఎన్నికలు వస్తే మీ బడికి సెలవు ఇస్తారు గదా. అప్పుడు మీ తరగతిగది ఎలా మారిపోతుందో ఎప్పుడైనా చూశారా? బల్లలన్నీ ఒక పక్కకు జరుపుతారు. మీరు నల్లబల్ల మీద వేసిన బొమ్మలు చెరిపేస్తారు. గోడకు వోటర్ల జాబితా అంటిస్తారు. ఒక మూల అట్టలతో చిన్న మరుగు కడతారు. ముందునాటి సాయంత్రం నలుగురైదుగురు ఉద్యోగులు వోటింగు యంత్రాలు మోసుకుంటూ బస్సు దిగుతారు. ఆ రాత్రి వాళ్ళ పడక కూడా అక్కడే. వారిలో పెద్దవాడిని ప్రిసైడింగు అధికారి అంటారు.

జగిత్యాల చుట్టుపట్ల బడులలో ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పిన నేను ఎన్నోసార్లు ఆ పెద్దవాణ్ణి అయినాను. అందులో ఒకసారి ఒక తప్పు చేశాను. ఆ సంగతి మీకు చెప్పాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను.

ముందు ఒక మాట. మన తెలంగాణ రాష్ట్రాన్ని 119 నియోజకవర్గాలుగా విభజించారు. ఒక్కొక్క నియోజకవర్గం నుంచి ఒక్కరు శాసనసభకు వెళతారు. వరుసలో కోరుట్ల 20వది, జగిత్యాల 21వది, సిరిసిల్ల 29వది. ఈ ఎల్లలు ఎప్పటికీ ఇలాగే ఉంటాయని అనుకోకండి. జనాభాను బట్టి అప్పుడప్పుడు మారుస్తారు. కోరుట్ల నియోజకవర్గం 2009 ఎన్నికలకు కొత్తగా వచ్చింది. పాత మెట్‌పల్లి నియోజకవర్గం అప్పుడే పోయింది.

వోటు వేయటానికి 18 ఏళ్ళు నిండాలి. అభ్యర్థిగా నిలబడాలంటే 25 నిండాలి. 1989కి పూర్వం వోటుకు కూడా 21 ఏళ్ళు కావలసి ఉండేది. అందుకనే నేను నా మొదటి వోటు 1983లో గాని వేయలేకపోయాను. మా నాయన వోటు ఇంకా వింతగా ఉండేది. 1952లో హైదరాబాదు రాష్ట్రానికి మొదటిసారి ఎన్నికలు జరిగినప్పుడు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టారు. పెట్టె మీద అభ్యర్థి గుర్తు ఉండేది. కాగితం మీద ఏ గీతా గీయనక్కరలేదు, నచ్చిన పెట్టెలో వేసి రావటమే!

ఇక నా సంగతి. 2009 ఏప్రిల్ 16. అప్పటికి మనది 294 స్థానాల ఆంధ్రప్రదేశ్. జగిత్యాలా, సిరిసిల్లా రెండూ కరీంనగర్ జిల్లాలోనే ఉండేవి. సొంత నియోజకవర్గంలో ఎన్నికపని వేయరు గనక నన్ను సిరిసిల్ల నియోజకవర్గంలో ఒక పల్లెకు పంపారు. మండుటెండ. శాసనసభకు ఒక వోటు, లోక్‌సభకు ఒక వోటు, అంటే రెండు యంత్రాలు. వరుస నత్తలాగా కదులుతున్నది.

పోలింగు ముగిసే గంట కొట్టేసరికి వరుసలో ఇంకా నలభైమంది దాకా ఉన్నారు. అలాంటప్పుడు ప్రిసైడింగు అధికారి తన సంతకంతో చీటీలు ఇవ్వాలి. చీటీ ఉన్నవాళ్ళందరూ ఎంత పొద్దుపోయినా వోటు వేయవచ్చు. ఇందులో ఒక కిటుకు ఉంది. ఒకటో నంబరు చీటీ వరుసలో చిట్టచివర ఉన్నవాళ్ళకు ఇచ్చి, అక్కణ్ణుంచి ముందుకు రావాలి. ముందునుంచి మొదలుపెడితే, మనం తోకను చేరేలోగా తోక పెరిగిపోదూ?

నేను తోకనుంచే ఇచ్చాను. అంతవరకూ బాగానే ఉంది. చీటీలు పంచటం అయినాక ఒక ముసలమ్మ వచ్చింది. బీడీలు చుట్టి బతికే మనిషి. వరుసలో నిలబడలేక వేపచెట్టు కింద కూర్చున్నదట.

"చీటీ లేదు గదమ్మా, వీలుపడదు," అన్నాను.

"పొద్దుమీకి రాలే సారూ, పగటాల్ల సంది ఈడనే ఉన్న. చీటీ ఇచ్చెటోనివి నువ్వే గద!" అన్నది.

పక్కనున్న ఆడవాళ్ళు కూడా నిజమేనన్నారు. కాని అభ్యర్థుల ఏజెంట్లు నా వంకే చూస్తున్నారు. ఒకరికి సడలిస్తే పక్షపాతం అంటారని భయపడ్డాను. తల అడ్డంగా ఊపాను. ఆమె తన ఎడమచేతి చూపుడువేలు నాకు చూపించి, "సుక్క లేకుంటనే పొమ్మంటవా?" అని, జవాబుకోసం చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ రాత్రి తిరుగుప్రయాణంలో నిబంధనల పుస్తకం తీసి చదివాను. ముగిసే వేళకు కేంద్రానికి వచ్చి ఉన్న వోటర్లందరినీ వోటు వేయనివ్వాలని ఉన్నది. వచ్చి ఉన్నారా లేదా అనే సందేహం కలిగితే ప్రిసైడింగు అధికారి మాటే చివరిమాట అని కూడా ఉన్నది. చెట్టు బడి ఆవరణలోనే ఉన్నది. ఆ చివరిమాట నాది. దాన్ని నేను తప్పుగా పలికాను.

సరిగ్గా నెలకు, మే 16న, వోట్లు లెక్కపెట్టారు. సిరిసిల్లలో కె. తారక రామారావుగారు గెలిచారు. రెండో స్థానంలో వచ్చిన అభ్యర్థికంటె ఆయనకు ఎక్కువ వచ్చినవి 171 వోట్లు! నావంటి పంతుళ్ళు 171 కేంద్రాలలో తలా ఒకరిని తిప్పి పంపి ఉంటే? ఆ ముసలమ్మ ఎవరికి వేసేదో ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడానూ. ఫలితం మారేదని నేను అనను. కాని ఆ అంకె విన్ననాడు నాకు అన్నం సయించలేదు.

ఒక్క స్థానంతో ఏమవుతుందంటారా? 119లో సగానికి పైన, అంటే 60 మంది మద్దతు ఉన్నవారే ప్రభుత్వం నడపగలరు. 59 అయితే చాలదు. 2023 ఎన్నికలలో కాంగ్రెసుకు 64 వచ్చాయి, భారత రాష్ట్ర సమితికి 39. గవర్నరు ముఖ్యమంత్రిచేత ప్రమాణం చేయిస్తారు. ముఖ్యమంత్రితో కలిపి మంత్రులు 18 మందికి మించరాదు. సభలో నూటికి 15 మందికంటె ఎక్కువ వద్దని 2003లో రాజ్యాంగాన్ని సవరించారు. సభ్యులు తమలో ఒకరిని స్పీకరుగా ఎన్నుకుంటారు. మీ తరగతి లీడరులాగా అల్లరి ఆపటం ఆయన పని! ఆయన మామూలుగా వోటు వేయరు. రెండు పక్షాలూ సమానంగా తూగినప్పుడు మాత్రం వేస్తారు. అంటే సభలో కూడా ఒక్క వోటుతో తేలే ఘడియ వస్తుందని చట్టం రాసినవారికి ముందే తెలుసునన్నమాట. 40 మంది ఉండే శాసనమండలి కూడా ఒకటి ఉన్నది. అందులో ముగ్గురిని ఉపాధ్యాయులే ఎన్నుకుంటారు. ఆ వోటు నేనూ వేశాను.

నా చివరి ఎన్నికపని 2018 డిసెంబరు 7న, కోరుట్ల నియోజకవర్గంలో. ముగిసే గంటకు ముందే బడి చుట్టూ తిరిగాను. బోరింగు దగ్గర చూశాను, చెట్ల కింద చూశాను. "వోటు వేయనివాళ్ళు వరుసలోకి రండి!" అని కేకవేశాను. వంటగది అరుగు మీద కునుకుతున్న ఒక పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు.

"అయిపోయిందా సారూ?"

"కాలేదు బాపూ, రా."

ఆయన కర్ర ఊతతో వచ్చి అందరి వెనకా నిలబడ్డాడు. ఒకటో నంబరు చీటీ ఆయన చేతిలో పెట్టాను.