తల తీసి వెనకాల కట్టుకుని

మేము పడమటి కాన్సాస్‌కు వచ్చిన మొదటి జూన్‌లో, 83వ నంబరు రోడ్డు మీద ఓక్లీకి వెళ్తూ అరగంటసేపు ఒక కంబైన్ వెనక పాకాము. ముందు కంబైన్, వెనక పికప్, పికప్‌కు కట్టిన పొడవాటి ట్రెయిలర్, దాని మీద నిలువుగా పడుకోబెట్టిన కోత భాగం. "దాని తల తీసేశారు నాన్నా" అన్నాడు మా అబ్బాయి. ఇక్కడి రైతులు కూడా దాన్ని హెడ్ అనే అంటారు.

లెక్క సులువే. రోడ్డు రెండు వరుసలూ కలిపి 24 అడుగులు. గోధుమ కోసే హెడ్ 40 అడుగుల దాకా ఉంటుంది. తగిలించుకునే బయలుదేరితే ఎదురొచ్చేవాడు పక్క గోతిలోకి దిగాలి. అందుకని తల తీసి మోసుకెళ్లి, అవతలి పొలంలో మళ్లీ తగిలిస్తారు. పైగా గోధుమకు ఒక తల, మొక్కజొన్నకు ఇంకొకటి. రావణాసురుడే, కాకపోతే ఒకసారికి ఒకటే వాడతాడు.

కూలికి కోసే దళాలు మే నెలలో టెక్సస్‌లో మొదలుపెట్టి, పైరు పండేకొద్దీ ఉత్తరానికి జరుగుతూ డకోటాల దాకా వెళ్తాయి. యుద్ధం రోజుల్లో, 1944లో, మాసీ హారిస్ కంపెనీ 500 కంబైన్లను ఈ దారినే పంపింది. అవి చిన్నవి. ఇప్పటివాటిని లారీల మీద ఎక్కిస్తారు, తల వేరే బండి మీద.

ఊళ్లో పరిచయమైన ఒక పెద్దాయన, తగిలించడం చూపిస్తానని మమ్మల్ని పొలానికి పిలిచారు. కంబైన్ ముందు ఏనుగు తొండంలాంటి మెడ ఒకటి ఉంటుంది. కోసిన పైరు లోపలికి పోయే దారి అదే. దాన్ని దించి, హెడ్ వెనకవైపు పై దూలం కిందకు సరిగ్గా మధ్యకు పోనిచ్చి, మెల్లగా లేపారు. హెడ్ వచ్చి మెడకు వేలాడింది. పని అయిపోయిందనుకున్నాము. కాలేదు. కింద రెండు పక్కలా పిన్నులు పడాలి. లేకపోతే గతుకులో ఊడి పడుతుంది. తర్వాత తిప్పే షాఫ్టు, నూనె గొట్టాలు, కరెంటు తీగలు. కొత్తవాటిలో గొట్టాలూ తీగలూ ఒక్క మీటతో కలుస్తాయి. ఆయనది పాతది. ప్రతి గొట్టం మొననూ గుడ్డతో తుడిచి మరీ బిగించారు, మట్టి నూనెలోకి పోకుండా. సూది వేసే ముందు మేము కూడా అంత శ్రద్ధగా తుడవమేమో!

మా తాతగారు సాయంత్రం నాగలిని తిరగేసి కాడికి తగిలించుకుని ఇంటికొచ్చేవారు. ఆయనకు అరనిమిషం పట్టేది.

ఇంతలో రాలిన కంకి కోసం మా అబ్బాయి, ఎత్తి ఉన్న హెడ్ కిందకు వంగాడు. పెద్దాయన వేసిన కేక ఆ మైదానమంతా వినిపించి ఉంటుంది. వాణ్ణి చెయ్యి పట్టి ఇవతలకు లాగి, లేపే సిలిండరు రాడ్డు మీదికి ఒక ఇనుప అడ్డు దించి చూపించారు.

"డాక్, గొట్టం పగిలితే మూడు టన్నుల పైన బరువు ఒక్కసారిగా దిగుతుంది. ఈ అడ్డు పడేదాకా నేను కూడా కిందకు వెళ్లను."

మాకు కాసేపు నోట మాట రాలేదు. కోతల రోజుల్లో మేము కుట్టే చేతులు ఎక్కువగా రాత్రి పొద్దుపోయాక వస్తాయి. తెల్లారితే వాన అని తొందరపడినవాళ్లవి. పిన్ను, గొట్టం, ఒక్క నిమిషంలో అయిపోతుందనుకున్న పని. ఆ అడ్డు సంగతి మాత్రం మాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఈ జూన్‌లో మళ్లీ అదే రోడ్డు మీద ఒక కంబైన్ ఎదురైంది. కారు పక్కకు తీసి ఆపాము. వెనకాల తలతో సహా వెళ్లిపోతూ, నడిపే ఆయన స్టీరింగు మీదనుంచి ఒక వేలు పైకెత్తాడు. ఇక్కడి నమస్కారం అది. మా అబ్బాయి రెండు చేతులూ ఊపాడు.