ఓర్క్‌ల గూడెంలో డప్పులు

పోస్టు పొడుగైంది, తీరిక దొరికినప్పుడే చదవండి. మన గ్రూపులో స్కాలర్‌షిప్‌ల గురించి, హాస్టళ్ల గురించి, పోడు పట్టాల గురించి మస్తు మంది రాస్తరు. నేను ఇయ్యాల ఒక ఆట గురించి రాస్తున్న. ఆటలతోని మనకేం పని అనుకోకుండా చివరిదాకా చదవండి. ఇది మూడేండ్ల సంది నా కడుపులో ఉన్న ముచ్చట.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. తెలియనోళ్ల కోసం చెప్తున్న, ఇది ఫోన్‌లో ఆడేది కాదు. నలుగురైదుగురు ఒక టేబుల్ చుట్టూ కూచుంటరు. ఒకరు కథ చెప్తరు, ఆయనను డంజన్ మాస్టర్ అంటరు. మిగిలినోళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటరు. ఒకరు కత్తి వీరుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు దొంగ. "మీ ముందర ఒక నది ఉంది, ఏం చేస్తరు?" అని మాస్టర్ అడుగుతడు. "ఈత కొడతా" అని నువ్వంటవు. అది అయితదా కాదా అన్నది తేలాలంటే 20 ముఖాలున్న పాచిక వెయ్యాలి. పెద్ద అంకె పడితే దాటినవ్, చిన్నది పడితే కొట్టుకపోయినవ్. గెలుపు ఓటములు పెద్దగా లేవు. అందరూ కలిసి ఒక కథ కట్టుడే ఆట.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని తెచ్చిర్రు. ఒక డబ్బాలో మూడు చిన్న పుస్తకాలు పెట్టి ముందుగాల 1000 కాపీలే వేసిర్రు. పదేండ్లకు, 1984లో, అదే కంపెనీ మార్వెల్ సూపర్ హీరోలతోని కూడా ఇట్లాంటి ఆట తెచ్చింది. అంటే మనం సినిమాలో చూసే స్పైడర్‌మ్యాన్ నువ్వే అయి మాట్లాడొచ్చు, ఏం చెయ్యాల్నో నువ్వే చెప్పొచ్చు.

నాకు ఈ పిచ్చి హైదరాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు పట్టింది. ఆశ్రమ పాఠశాలలో ఉన్నప్పుడే తెలుగు డబ్బింగ్ అవెంజర్స్ సినిమాలు ఒకే ఫోన్‌లో పది మందిమి తలలు పెట్టి చూసెటోళ్లం. డిగ్రీ హాస్టల్‌లో ఒక సీనియర్ అన్న ఏడు పాచికల సెట్టు తెప్పించి, రూల్స్ ప్రింట్ తీయించి, ఆదివారం ఆదివారం ఆట పెట్టెటోడు. నన్ను పిలిచిండు. నేను కత్తి వీరుడిని తీసుకున్న. ఆ నెల రోజులు ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. క్లాసులో ఇంగ్లిష్‌లో లేచి ఒక్క మాట మాట్లాడలేనోడిని, ఆ టేబుల్ కాడ రాజులతోని బేరాలు ఆడిన.

ఒక ఆదివారం మా కథ అడవిలోకి పోయింది. అన్న గొంతు తగ్గించి చెప్పుడు మొదలుపెట్టిండు. "చీకటి పడ్డది. దూరంగ డప్పుల చప్పుడు వినపడుతుంది. చెట్ల సందుల నుంచి చూస్తే ఓర్క్‌ల గూడెం. మంట చుట్టూ ఎగురుతున్నరు. నెత్తి మీద ఈకలు, కొమ్ములు. ఒంటి నిండా బూడిద. భుజాన తోలు. ఏందో అర్థం కాని భాషల అరుస్తున్నరు."

ఓర్క్ అంటే ఆ ఆటలో రాక్షస జాతి. ఆ మాట నన్ను ఏమనలేదు. గూడెం అన్న మాట కాడ నా చెయ్యి ఆగింది. ఈకలు, కొమ్ములు, బూడిద, తోలు. మన ఆదిలాబాద్ సైడు వాళ్లకు నేను విప్పి చెప్పే అవసరం లేదు. అది గుస్సాడీ. దీపావళికి మా మామ కట్టుకునే వేషం అది.

నేనేం చేసిన్నో చెప్త. ఏం అనలేదు. నా వంతు వచ్చింది, పాచిక వేసిన. 20 పడ్డది. ఆ ఆటలో 20 పడితే పండుగే. అందరూ లేచి చప్పట్లు కొట్టిర్రు. "నీ కత్తికి ఇద్దరు ఒక్క దెబ్బకే పోయిర్రు" అన్నడు అన్న. మంత్రగాడు గుడిసెలకు నిప్పు పెట్టిండు. ఒక దోస్త్ నవ్వుకుంట "పిల్లలు కూడా ఉన్నరా అన్నా?" అని అడిగిండు. "ఓర్క్ పిల్లలు పెద్దగైతే ఓర్క్‌లే కదరా" అని ఇంకొకడు అన్నడు. అందరూ నవ్విర్రు. నేను కూడా నవ్విన. ఎంత మందిని చంపితే అన్ని పాయింట్లు, ఆ రోజు నా పాత్ర లెవెల్ పెరిగింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ సీనియర్ అన్న చెడ్డోడు కాదు. నా స్కాలర్‌షిప్ లేటైనప్పుడు మెస్ బిల్లు కట్టింది ఆయనే. నేను ఎవరిననేది ఆయనకు తెల్వదు. "ఊరేది?" అంటే "ఆదిలాబాద్" అనేటోణ్ని, అంతే. గోండు అని చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు అని నాకు నేను చెప్పుకునేటోణ్ని.

మరి ఆయనకు ఆ బొమ్మ ఎక్కడిది? గుస్సాడీని ఆయన ఎన్నడూ చూడలేదట, తర్వాత అడిగిన. సినిమాలల్ల చూసిండు. మనమందరం చూసినమే. 2015లో బాహుబలి వచ్చినప్పుడు మా స్కూల్ అంతా ఊగిపోయింది. కాలకేయుల కోసం మదన్ కార్కీ కిలికి అని ఒక భాషనే తయారు చేసిండు. మేము ఆ మాటలు పలుక్కుంట కర్రలు పట్టుకొని ఉరికేది. అదే ఏడాది ఆటల పోటీలకు టౌన్‌కు పోతే అక్కడి పిల్లలు మమ్మల్ని చూసి "కాలకేయులొచ్చిర్రు రోయ్" అన్నరు. మేం గోండిలో మాట్లాడుకుంటుంటే, కిలికి అనుకున్నరు. ఆ రోజు సంది బస్సులో గోండి మాట్లాడుడు బంద్ చేసిన నేను.

ఓర్క్‌లు టోల్కీన్ పుస్తకాల నుంచి ఆటలోకి వచ్చిర్రు. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ సినిమాలు 2001 నుంచి 2003 దాకా మూడు వచ్చినయి, న్యూజిలాండ్‌లో తీసిర్రు. మొదటి సినిమాలో లర్ట్జ్ అనే పెద్ద ఓర్క్ నాయకుడు ఉంటడు. ఆ మేకప్ వెనక ఉన్నది లారెన్స్ మకోరే. ఆయన మావోరీ, అంటే అక్కడి ఆదివాసీ. ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన మంచి నటుడు, ఆయన పని ఆయన చేసిండు, తప్పు పడతలేను. కానీ ఆ సినిమా నేను ఏడెనిమిది సార్లు చూసిన. ప్రతిసారి హీరో వైపే ఉన్న.

ఆ దీపావళికి ఇంటికి పోయిన. దండారి మీకు తెలుసు. ఒక ఊరి బృందం ఇంకో ఊరికి అతిథులుగా పోతది. సాయంత్రం డప్పు, తుడుం చప్పుడు దూరం నుంచి వినపడుతది, పిల్లలు ఉరుకుతరు, ఊరోళ్లు ఎదురుపోయి తోలుకొస్తరు, అన్నం పెడతరు. సంబంధాలు కలిసేది కూడా అక్కడే. మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది ఈ గుస్సాడీకే. ఆ రోజు పేపర్లల్ల ఆయన ఫొటో చూసి హైదరాబాద్‌లో అందరూ బాగుంది అన్నరు. అదే వేషం అడవిలో చీకట్లో కనపడితే, ఆటలో మేం కత్తులు తీసినం.

చప్పుడు దగ్గరికి వస్తుంటే నా కండ్ల ముందు ఆ ఆదివారమే తిరిగింది. అడవిలో డప్పులు మోగుతున్నయంటే చుట్టాలు వస్తున్నరని అర్థం. అది తెలిసినోడిని ఆ టేబుల్ కాడ నేనొక్కణ్నే ఉన్న. నేనే నోరు మూసుకున్న.

తిరిగి పోయినంక అన్నను అడిగిన, "ఒక వారం నేను కథ చెప్తా." సరే అన్నడు. ఈసారి అందరికీ గూడెం వాళ్ల పాత్రలు ఇచ్చిన. ఒకరు పటేల్, ఒకరు ముసలవ్వ, ఒకరు డప్పు కొట్టే పిల్లగాడు. "పక్క ఊరి బృందం వస్తుంది. కాళ్లకు నీళ్లు పెట్టాలి, వంట చెయ్యాలి. ఏం చేస్తరు?" అన్న. మొదట్ల వాళ్లకు తిక్కతిక్కగా అనిపించింది. "ఫైట్ ఎప్పుడ్రా?" అని ఒకడు రెండు సార్లు అడిగిండు. మెల్లగా పడ్డరు. ముసలవ్వ పాత్ర ఆడిన దోస్త్ అయితే పిల్లలను తిట్టుకుంట బియ్యం కొలిచిండు.

అప్పుడు చెప్పిన. "చెట్ల వెనక నలుగురు దాక్కొని ఉన్నరు. ఒకని చేతిలో కత్తి. ఒకని చేతిలో మంత్రదండం, దాని కొస మీద నిప్పు."

"అరే, అది నా మంత్రగాడు కదరా" అన్నడు ఒక దోస్త్. ఎవరూ నవ్వలేదు. పటేల్ పాత్ర సీనియర్ అన్నదే. "నేను పోయి వాళ్లతోని మాట్లాడతా" అన్నడు. "వాళ్లకు మీ భాష రాదు. 15 పడాలి" అన్న. పాచిక వేసిండు. 3 పడ్డది. దాన్ని చూసుకుంట కూచున్నడు. "ఇంకోసారి వెయ్యొచ్చా?" అన్నడు. "రూల్ లేదన్నా" అన్న.

మెస్ టైం అయింది, ఆట అక్కడనే ఆగింది. మెట్లు దిగుతుంటే అన్న అడిగిండు, "మీ దిక్కు నిజంగ గట్ల కాళ్లకు నీళ్లు పెడతరా?" "పెడతరన్నా. మాది గూడెమే. నేను గోండోణ్ని" అన్న. రెండేండ్ల దోస్తీలో అది చెప్పుడు మొదటిసారి. ఆయన "మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదురా?" అన్నడు. నా కాడ జవాబు లేకుండె.

ఈ ఆట మీద ఇట్లాంటి మాటలు నేనొక్కణ్నే అంటలేను. ఓర్క్‌లు పుట్టుకతోనే చెడ్డోళ్లు అనే రాతలు నిజం మనుషుల మీద వేసిన నిందల లెక్కనే ఉన్నయని ఆడేటోళ్లే అన్నరు. 2020లో కంపెనీ ఆ సంగతి ఒప్పుకొని మార్చుతమన్నది. 2024లో వచ్చిన కొత్త పుస్తకంలో 'జాతి' అన్న ఇంగ్లిష్ మాటనే తీసేసిర్రు. చెరొకీ ఆదివాసీ అయిన కానర్ అలెగ్జాండర్ వాళ్ల ఆట వాళ్లే తయారు చేసుకున్నడు. పేరు కయోటీ అండ్ క్రో. తెల్లోళ్ల వలస జరగని అమెరికా ఎట్లుండునో అన్నదే దాని కథ. 2021లో జనం దగ్గర చందా అడిగితే పది లక్షల డాలర్లు దాటి వచ్చినయి.

సినిమాలల్ల కూడా కదలిక ఉంది. 2018 బ్లాక్ పాంథర్‌లో వకాండా వాళ్లు మాట్లాడింది ఖోసా, దక్షిణ ఆఫ్రికాలో నిజంగా ఉన్న భాష. 2024లో అవెంజర్స్ మొదటి సినిమాను లకోటా ఆదివాసీ భాషలోకి డబ్బింగ్ చేసిర్రు. ఐరన్‌మ్యాన్ వేసిన రాబర్ట్ డౌనీ కూడా ఆ మాటలు నేర్చుకొని తనే చెప్పిండు. అది చదివినప్పుడు బస్సులో గోండి బంద్ చేసిన పిల్లగాడు యాదికొచ్చిండు.

మన ట్రిపుల్ ఆర్ సంగతి కూడా చెప్పాలి. 2022లో థియేటర్‌లో కొమురం భీం పేరు వినపడితే నేను లేచి విజిల్ వేసిన, అబద్ధం చెప్పను. చివర్ల భీం రాముణ్ని చదువు చెప్పమని అడుగుతడు. నా పక్కన ఈలలు వేసిర్రు, నేను కూచున్న. 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చిన భీంకు చదవను రాయను వచ్చని మన పెద్దలు చెప్తరు. సినిమాలో కథ చెప్పేటోడు ఒక్కడే, మనం టికెట్ కొని కూచోవాలి, మధ్యల లేచి "అట్ల కాదు" అనలేం. ఈ ఆటలో అనొచ్చు. నేను ఆ రోజు అనలేదు, అది వేరే సంగతి. కానీ అనొచ్చు.

అందుకే ఇది రాస్తున్న. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూల నియమాలను 2023లో కంపెనీ అందరూ వాడుకునేటట్టు వదిలింది, నెట్‌లో పైసా లేకుండా దొరుకుతయి. వాటి మీద మన కథ, మన భాషలో ఎవరైనా కట్టుకోవచ్చు. గోండి కావచ్చు, కోయ, కొలామి, సవర, బంజారా ఏదైనా కావచ్చు. పాచికలు లేవంటే 1 నుంచి 20 దాకా చిట్టీలు రాసి స్టీల్ గ్లాసులో వేస్తే చాలు.

పోయిన ఎండాకాలం సెలవుల్ల మా ఊరి పిల్లలతోని అట్లనే ఆడిన, మొత్తం గోండిలో. ఒకడు ఐరన్‌మ్యాన్ అన్నడు, ఒక పిల్ల భీం అన్నది. ఆరో తరగతి పిల్లగాడు ఒకడు "నేను కాలకేయుణ్ని" అన్నడు. అందరూ నవ్విర్రు. వాడు నవ్వలేదు. "దాదా, వాళ్ల ఊరు ఎట్లుంటది?" అని నన్ను అడిగిండు.

సినిమాలో చూపించలేదు తమ్మీ, నువ్వే చెప్పు అన్న.

వాడు కాసేపు ఆలోచించి, "ముందుగాల ఒక వాగు ఉంటది" అని మొదలుపెట్టిండు.