బెంచి మీద

మా చిన్నప్పుడు బెంచి ఎక్కడమంటే ఎక్కాలు అప్పజెప్పలేకపోయినందుకు పడే శిక్ష. అమెరికా వచ్చాక ఆ మాటకి ఇంకో అర్థం ఉందని తెలిసింది. చేతిలో ప్రాజెక్టు లేక, కన్సల్టెన్సీవారి గెస్ట్‌హౌసులో వంతులవారీగా వంట చేసుకుంటూ, ఇంటర్వ్యూ ఫోను కోసం ఎదురుచూసేవాణ్ణి "బెంచి మీద ఉన్నాడు" అంటారు. మేమిద్దరం 2007లో హెచ్-1బీ మీద వచ్చాం. ఆ ఏప్రిల్లో మొదటి రెండు రోజుల్లోనే దరఖాస్తులు కోటాను మించిపోతే లాటరీ తీశారు. లాటరీలో నెగ్గామని మురిసిపోతుండగానే 2008 వచ్చింది, బెంచి ఎక్కాం. పని చూపించకపోయినా హెచ్-1బీ ఉద్యోగికి జీతం ఇవ్వాల్సిందేనని 1998లోనే చట్టం చేశారు. ఆ సంగతి మాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. అప్పుడే తెలిసినా అడిగి ఉండేవాళ్లం కాదనుకోండి!

ఇదంతా బడి సంచికలో ఎందుకని మీరు అడగవచ్చు. ఇక్కడ పాఠం చెప్పేవాళ్లలోనూ, పిల్లల్ని దింపి వెళ్లే తల్లిదండ్రుల్లోనూ ఎక్కువమందిమి ఇదే వృత్తిలో ఉన్నాం. ఆఫీసుల్లో గాలి ఎటు వీస్తే ఆదివారం హాజరుపట్టీలో అది కనబడుతుంది. 2020లో అందరం ఇంటికి పరిమితమైనప్పుడు తరగతులు జూమ్‌లోకి వెళ్లాయి. తర్వాత కంపెనీలు ఒక్కొక్కటీ వెనక్కి పిలవడం మొదలుపెట్టాయి. అమెజాన్ 2025 జనవరి నుంచి వారానికి అయిదు రోజులూ రమ్మంది. మా ఆఫీసులూ అదే దారి పట్టాయి. ఒక లాభం మాత్రం ఉంది. మెట్రోపార్కులో రైలెక్కితే న్యూయార్కు పెన్ స్టేషను చేరేలోపు పది హోంవర్కులు దిద్దవచ్చు.

అలా దిద్దుతుండగానే ఒక రోజు ఒక కాగితం దగ్గర ఆగిపోయాం. 'గడువు' అనే మాటకి సొంతవాక్యం రాయమన్నాం. మా తరగతిలోని తొమ్మిదేళ్ల పాప రాసింది: "మా నాన్నకి ఇంకా 31 రోజులు గడువు ఉంది."

వాళ్ల నాన్న మాతోపాటే పాఠం చెబుతాడు. పక్కగదిలో గుణింతాలు ఆయనవే. ఆ మధ్య కొన్ని వారాలుగా అందరికంటే ముందు వచ్చి కుర్చీలు సర్దుతున్నాడు. "ఏమిటి, ఈమధ్య మాకు పని లేకుండా చేస్తున్నారు?" అంటే నవ్వి ఊరుకున్నాడు. ఆ ఆదివారం కాగితం చూపిస్తే అప్పుడు చెప్పాడు. "ఇంట్లో ఉంటే ఫోను వంకే చూస్తూ కూచుంటున్నాను వదినా. ఇక్కడ రెండు గంటలు దాని సంగతి మరిచిపోతున్నాను."

ఇప్పుడు చాలామందికి బెంచి కూడా లేదు. పొద్దున్నే లాప్‌టాప్ తెరుచుకోదు, సొంత ఈమెయిలుకి ఉత్తరం వచ్చి ఉంటుంది. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేసినప్పుడు పేపర్లలో చదివాం. ఉద్యోగం పోయిన హెచ్-1బీ వాళ్లకి 2017 జనవరి నుంచి గరిష్ఠంగా 60 రోజులు ఇస్తున్నారు. అంతకుముందు ఆ మాత్రం కూడా లేదు. మా మిత్రుడు పదకొండేళ్లుగా ఇక్కడున్నాడు, ఇల్లు కొనుక్కున్నాడు. అయినా ఒక్కో దేశానికి ఏడు శాతం అనే గ్రీన్‌కార్డు నిబంధన వల్ల వరసలోనే నిలబడి ఉన్నాడు.

ఇక్కడ మా సంగతి కూడా ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం సగం అబద్ధమవుతుంది. సరిగ్గా ఆ వారంలోనే మా ఇద్దరిలో ఒకరిని (ఎవరన్నది రాయం) తమ టీములోని తొమ్మిదిమందికి వరస నంబర్లు వేసి ఇమ్మన్నారు. వీసాలు, కుటుంబాలు చూడవద్దు, పని మాత్రమే చూడమన్నారు. అడిగిన మేనేజరుకి పైనుంచి ఒక అంకె వచ్చింది, ఆయన చేతిలోనూ ఏమీ లేదు. రాత్రి రెండింటి దాకా వంటగదిలో కూచుని వరస వేశాం. చివరి రెండు పేర్లకీ ఉత్తరాలు వెళ్లాయి. అందులో ఒకాయనకి పసిబిడ్డ. మర్నాడు ఆదివారం బడికి వెళ్లి, గుణింతాల గదిలో కుర్చీలు సర్దుతున్న మిత్రుడి మొహంలోకి చూడలేకపోయాం. ఆయనకి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. ఈ సంచిక చేరితే తెలుస్తుంది.

మార్చి ఆఖరున వాళ్లు హైదరాబాదు వెళ్లిపోయారు. ఆయనకి అక్కడ ఒక అమెరికా కంపెనీ శాఖలోనే ఉద్యోగం దొరికింది. పని ఇక్కడ చేసిన లాంటిదే. పాప మాత్రం మా తరగతి మానలేదు. ఇక్కడ పొద్దున్న పదిన్నర అయితే అక్కడ రాత్రి ఎనిమిది. హైదరాబాదులో కూచుని ఎడిసన్ నుంచి తెలుగు నేర్చుకుంటోంది! అక్కడి బడిలో తెలుగు తప్పనిసరి కదా, క్లాసువాళ్లని అందుకోవాలట.

2025 సెప్టెంబరు 19న, శుక్రవారం, కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు, దసరాకి ఇండియా వెళ్లినవాళ్లని కంపెనీలు వెంటనే తిరిగి రమ్మన్నాయి. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకి వర్తించదని మర్నాడు వివరణ వచ్చింది. అప్పటికే కొందరు టికెట్లు కొనేశారు. ఆదివారం మా తరగతిలో సగం మంది పిల్లలు లేరు, ఉన్నవాళ్లూ కిటికీలోంచి కారు పార్కింగు వంకే చూశారు.

మా దగ్గర సహాయకులుగా పనిచేసే హైస్కూలు పిల్లలు ఇప్పుడు, "అంకుల్, కంప్యూటర్ సైన్సు తీసుకోవచ్చా? ప్రోగ్రాములన్నీ ఏఐ రాసేస్తోందిగా?" అని అడుగుతున్నారు. ఎంసెట్ రాసిన రోజుల్లో మాకు ఆ అనుమానమే రాలేదు. వాళ్లకి సమాధానం చెప్పలేక, ముందు ఒత్తులు దిద్దమని కాగితాలు చేతిలో పెడుతున్నాం.

గుణింతాల గదికి ఈ సెప్టెంబరు నుంచి టీచరు కావాలి. జీతం లేదు, టీ ఉంది. పదింపావుకి వస్తే కుర్చీలు సర్దుకోవచ్చు. బెంచి మీద ఉన్నవారైనా రండి, ఎందుకని ఎవరూ అడగరు.